ముక్కుగారి చలికాలం

మా ఆయన జ్వరం నుంచి లేచాక నా వంటకి వంక పెట్టడం మానేశారు. ఒంట్లో బాగుపడ్డాక మనసు కూడా మెత్తబడిందని అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వపడ్డాను కూడా. పదేళ్ల కాపురంలో మొదటిసారి నా చేతి వంట ఆయనకి నచ్చుతోంది మరి.

అంతకుముందు వంక పెట్టని పూట లేదు. ముద్ద నోట్లోకి వెళ్లకముందే "ఉల్లిపాయ తొందరపడి దించావు" అనేవారు. "ఈ క్యారెట్లు నిన్నటివి కావు, మొన్నటివి" అనేవారు. ఒక్కటీ అబద్ధం కాదు. నా ఒళ్లు మండేది అందుకే.

ఆయన ఉద్యోగమే అలాంటిది. మా వీధి చివర పాల కేంద్రం ఉండేది. తెల్లవారేసరికి సైకిళ్ల మీదా బళ్ల మీదా పాల డబ్బాలు వచ్చి దాని అరుగు మీద వరసగా నిలబడేవి. ఆయన ఒక్కొక్క మూత ఎత్తి, తల వంచి, ఒక్కసారి పీల్చి, "లోపలికి" అనో "వెనక్కి" అనో చెప్పేవారు. పుల్లబడ్డ డబ్బా ఒక్కటి తప్పించుకుని లోపలికి వెళ్లిందంటే పెద్ద తొట్టిలో పాలన్నీ పాడైపోతాయి. లోపలి గదిలో పరీక్ష చేసే సీసాలు ఉండేవి గానీ, రెండు వందల డబ్బాలనీ సీసాలతో చూస్తూ కూర్చుంటే మధ్యాహ్నానికి అన్నీ పుల్లపాలే అయ్యేవి. అందుకని అందరూ ఆయన ముక్కునే నమ్ముకున్నారు. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లని నేను చూడలేదు. అందరికీ ముక్కుగారే. మా అత్తయ్యకి కొడుకు మీద కోపం వస్తే ఆవిడ కూడా "వచ్చారండీ ముక్కుగారు" అనేది. ముక్కుగారి కూతురని మా చిన్నదాన్ని బళ్లో పిల్లలు "పుడకా, పుడకా" అని ఏడిపించేవారు.

ఆ చలికాలం మొదట్లో ఆయనకి పది రోజులు జ్వరం కాసింది. తగ్గాక ఎప్పట్లాగే పనికి వెళ్లొస్తున్నారు. పళ్లెంలో ఏది పెట్టినా "బాగుంది" అంటున్నారు.

ఆయన సెలవు రోజు మా ఇంట్లో ఒకటే వంట. పెద్ద ఇనప గిన్నెలో ఎముక మాంసం, దుంపలు, ఆ వారం దొరికిన కూరగాయలు కలిపి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఉడికించే కూర. దానికి పేరంటూ లేదు, గిన్నె కూర అనేవాళ్లం. ముందు మాంసానికి కాస్త పిండి రాసి కొవ్వులో ఎర్రగా వేయించుకోవాలి. అన్ని ముక్కలూ ఒకేసారి వేస్తే వేగవు, నీరు కారి ఊరికే ఉడుకుతాయి. నాలుగేసి ముక్కలు ఓపికపట్టి వేయించాలి. అవి తీసి అదే కొవ్వులో ఉల్లిపాయలు వేస్తే, వాటి తడికి గిన్నె అడుగున అంటిన ఎర్రటి పొర ఊడివస్తుంది. రుచంతా ఆ పొరలోనే. అప్పుడు వేడినీళ్లు, చితగ్గొట్టిన మిరియాలు, మాంసం మళ్లీ గిన్నెలోకి, పైన మూత, కింద తక్కువ బొగ్గులు. క్యారెట్లూ బంగాళాదుంపలూ గంట పోయాక, బీన్సూ క్యాబేజీ ఆఖర్న. రెండు మూడు దుంపలు వాటంతటవే మెదిగి రసం చిక్కబడితే కూర అయినట్టు.

ఆ రోజు దుంపలు కూడా వేసి, మూతపెట్టి, వీధి కుళాయికి వెళ్లాను. అక్కడ దర్జీ భార్య నా బిందెని వెనక్కి నెట్టింది. నేను ఆవిడ బిందెని ఇంకా వెనక్కి నెట్టాను. అక్కణ్ణుంచి ఇద్దరం తిట్లలో ఒకరి పుట్టింటిదాకా ఒకరం వెళ్లి తిరిగొచ్చేసరికి చాలాసేపు పట్టింది. నీళ్లు పట్టుకుని మలుపు తిరిగానో లేదో మాడు వాసన ఎదురొచ్చింది. మా ఇంటిదే. బిందె గుమ్మంలో దించి లోపలికి పరిగెత్తాను.

ఆయన పొయ్యికి రెండడుగుల దూరంలో, వీపు అటు పెట్టి కూర్చుని, తెగిన చెప్పు కుట్టుకుంటున్నారు. వంటింట్లో ఊపిరాడటం లేదు. నన్ను చూసి తలెత్తి నవ్వారు.

"ఘుమఘుమలాడిపోతోంది. ఇంకెంతసేపు?" అన్నారు.

నేను గిన్నె దించాను. పైపైన ఉన్నదంతా వేరే గిన్నెలోకి తీశాను. ఆయన చెప్పు కుడుతూనే ఉన్నారు.

అన్నాలప్పుడు చిన్నది పళ్లెం ముందు ముక్కు మూసుకుంది. అత్తయ్య ఒక ముక్క నోట్లో పెట్టుకుని, దాన్ని బుగ్గలోకి నెట్టి, "కోడలా, ఇది కూరా, బొగ్గుల కొట్టా?" అంది.

"ఏం, బానే ఉందిగా," అన్నారు ఆయన.

అత్తయ్య నావైపు తిరిగి, "పెళ్లాం మాడ్చి పెట్టినా మెచ్చుకునే మొగుణ్ణి కన్నాను. పోయిన జన్మలో నువ్వేం నోములు నోచావో" అంది. ఆయన గబగబా ఇంకో రెండు ముద్దలు తిన్నారు. తల ఎత్తలేదు.

మధ్యాహ్నం పెరట్లో గిన్నె తోముతుంటే ఆయన వచ్చి నీళ్లు పోశారు. ఎప్పుడూ లేనిది.

"ఎన్నాళ్లయింది?" అన్నాను.

"ఏది?"

"వాసన పోయి."

చెంబులో నీళ్లు అయిపోయేదాకా పోశారు. "జ్వరంలోనే పోయింది. వస్తుందిలే అనుకున్నా."

"మూడు వారాలైంది."

"నాకు తెలీదా?"

"మరి అరుగు మీద ఎలా చేస్తున్నారు?"

అటూ ఇటూ చూశారు. అత్తయ్య గోడ పక్కన ఎండలో కునుకుతోంది. అయినా గొంతు తగ్గించారు.

"డబ్బాని చూడట్లేదే. మనిషిని చూస్తున్నా."

"అంటే?"

"పుల్లబడ్డ పాలు తెచ్చినవాడికి ఆ సంగతి తెలుస్తుంది. నేను మూత మీద చెయ్యి వెయ్యగానే వాడు ఆకాశం చూస్తాడు. లేకపోతే మీ అమ్మగారు ఎలా ఉన్నారండీ అంటాడు. నేను వంగుతాను, పీలుస్తాను, వెనక్కి అంటాను. వాడు కిక్కురుమనకుండా తీసుకుపోతాడు. ఇప్పటిదాకా ఒక్కడూ ఇదేంటని అడగలేదు."

నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. ఇద్దరం ఆ మాడుగిన్నె దగ్గర దొంగల్లా నవ్వుకున్నాం. ఆ నవ్వు ఆగాక అడిగాను.

"తెలియక తెచ్చినవాడి సంగతో?"

ఆయన చెంబు బోర్లించి లేచారు.

"సూపర్‌వైజరు గారితో చెప్పెయ్యండి," అన్నాను.

"చెప్తే? ముక్కు లేనివాడు ఆ అరుగు మీద దేనికి? వీధిలోకి వెళ్తే రేపట్నుంచి నన్ను ఏమని పిలుస్తారే?"

చివరికి వారం పది రోజులు చూద్దాం, ఈలోగా వచ్చేస్తుందేమో అని ఒప్పందానికొచ్చాం.

ఆ పది రోజులూ నేను వెయ్యని వేషం లేదు. ఆయన పని నుంచి రాగానే కళ్లు మూసుకోమని, ఉల్లిపాయ కోసి ముక్కు కింద పెట్టేదాన్ని. "ఇది ఉల్లిపాయ. గుర్తు తెచ్చుకోండి." క్యారెట్ తొక్కు. బీన్సు తుంచిన చివర. ఆయన బుద్ధిగా బళ్లో పిల్లాడిలా పీల్చి, తల అడ్డంగా ఊపేవారు. ఒకరోజు మిరియాల పొడి పెడితే తుమ్ము మీద తుమ్ము, ఆరు తుమ్ములు. నేను పొంగిపోయాను.

"వచ్చిందా?"

"తుమ్ము వచ్చింది. వాసన రాలేదు."

గుమ్మంలోంచి ఇదంతా చూసి అత్తయ్య, "ఏం మందు పెడుతున్నావే నా కొడుక్కి?" అంది. "పెట్టాల్సిన పని ఏముంది, ఎప్పుడో నీ కొంగున కట్టేసుకున్నావుగా."

తర్వాతి సెలవు రోజున ఆయన్ని పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టాను. మాంసం వేగుతుంటే పిలిచాను, ఉల్లిపాయ రంగు మారుతుంటే పిలిచాను, మూత తీసినప్పుడల్లా పిలిచాను. ఆవిరికి ఆయన ముఖమంతా చెమట పట్టింది తప్ప ఏమీ లేదు. అయితే పళ్లెంలో పెట్టాక ఒక ముద్ద తిని ఉప్పు అడిగారు. నిజంగానే ఉప్పు తక్కువైంది. నాలిక బతికే ఉందన్నమాట. "పోనీ, పాలని రుచి చూడొచ్చుగా," అన్నాను ఆశగా. "పులుపు నాలికకి తెలుస్తుంది."

"బాగా ముదిరిన పులుపు తెలుస్తుంది. ముదరకముందే పట్టుకోవడమే నా పని. రెండు వందల డబ్బాలు రుచి చూస్తే మధ్యాహ్నానికి నన్నే డబ్బాలో పోసి పంపాలి," అని, కొంచెం ఆగి, "ముక్కుతో పని నాలిక చెయ్యదే" అన్నారు.

రెండు రోజుల తర్వాత, బాగా పొద్దెక్కాక, మా గుమ్మం ముందు ఒక ముసలాయన సైకిలు ఆపి కూలబడ్డాడు. వెనక పాల డబ్బా కట్టి ఉంది. మంచినీళ్లు ఇమ్మన్నాడు. ఇచ్చిన గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం నీళ్లు చొక్కా మీదే పడ్డాయి. చేతులు అంతలా వణుకుతున్నాయి.

"ఒంట్లో బాగోలేదా తాతా?"

"బానే ఉందమ్మా. చేతులకే, నాలుగేళ్ల నుంచి ఈ వణుకు." గ్లాసు కింద పెట్టాడు. "పాలు వెనక్కి పంపేశారు. ఇది మూడోసారి."

"పుల్లబడ్డాయా?"

"ఏమో తల్లీ. తెల్లారుజామున నేనే పితుకుతాను. డబ్బా మా ముసల్ది వేడినీళ్లతో కడుగుతుంది. పాత కేంద్రం మూసేశారని ఈ నెల నుంచే ఇక్కడికి తెస్తున్నా. అక్కడ ఒక్కసారి కూడా వెనక్కి పంపలేదు." తల గోక్కున్నాడు. "ఇక్కడి ముక్కాయన మహా మనిషంటగా, ఆయన ముక్కు ఇంతవరకూ తప్పు చెప్పలేదంట. అంటే నా దాంట్లోనే ఏదో ఉంది. ఆవుకి లోపల ఏదైనా రోగమేమో. అమ్మేద్దామంటోంది మా ముసల్ది. రాత్రంతా ఏడ్చింది, దూడప్పట్నుంచి తన చేతుల్తో పెంచిన ఆవు మరి."

ఇది ఎవరి ఇల్లో తాతకి తెలియదు.

"ఇంతదూరం మళ్లీ మోసుకెళ్లి ఏం చేస్తాను. ఏ పిల్లికైనా పొయ్యమ్మా," అని డబ్బా విప్పాడు. బిందె తెచ్చి పెడితే వంచాడు. ఆ వణుకుకి పాలు తెరలు తెరలుగా పడ్డాయి. సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

బిందె మీద వంగాను. పచ్చిగడ్డి, ఆవు ఒళ్లు, దాని వెనక సన్నటి తీపి. అంతకంటే మంచి పాలు ఆ ఏడు నేను చూడలేదు. అయినా నా ముక్కుని నేను నమ్మలేక పొయ్యి మీద పెట్టాను. పుల్లబడితే కాగేలోపే విరగాలి. పొంగు వచ్చింది, దించాను, చల్లారాక చిటికెన వేలు మందాన మీగడ కట్టింది. బడి నుంచి రాగానే చిన్నది రెండు గ్లాసులు తాగింది.

ఆయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక ఒక గ్లాసు చేతికిచ్చాను. సగం తాగి, "చిక్కగా ఉన్నాయే. ఎక్కడివి?" అన్నారు.

"మీరు వెనక్కి పంపినవి."

గ్లాసు నోటి దగ్గరే ఆగింది.

"చేతులు వణికే తాత. పొద్దున మన గుమ్మం ముందు కూర్చున్నాడు. కాచాను. విరగలేదు. నాలుగేళ్ల నుంచి వణుకేనట, మీకు భయపడి కాదు." తర్వాతి మాట చెప్పనా మాననా అని తటపటాయించి, చెప్పేశాను. "మీ ముక్కు తప్పు చెప్పదు గనక ఆవుకే ఏదో రోగమని అమ్మేస్తున్నారు."

ఆయన గ్లాసు కింద పెట్టారు. మళ్లీ తీసుకుని, మిగతా సగం కూడా తాగారు. మందు తాగినట్టు తాగారు.

"మూడుసార్లు," అన్నారు.

రాత్రి పడుకోబోయే ముందు, "పొద్దున నాతో రా," అన్నారు.

పాల కేంద్రం అరుగు నేను దూరం నుంచి చూడటమే తప్ప ఎక్కింది లేదు. సిమెంటు నేల తడిగా, కాళ్లకి మంచులా తగిలింది. మనుషుల నోళ్లలోంచి ఆవిరి, డబ్బాలు నేల మీద దొర్లే చప్పుడు. ముక్కుగారు పెళ్లాన్ని వెంటబెట్టుకొచ్చారేంటని అందరూ మావైపే చూస్తున్నారు. ఒకతను, "ముక్కుగారూ, పొద్దున్నే అలిగారా ఏంటి అమ్మగారు?" అన్నాడు. ఆయన డబ్బాలు వరసలో పెట్టించారు. ఆ తాత ఈ రోజు వస్తాడో రాడో అని నేను దారివైపే చూస్తున్నాను. వచ్చాడు. వరసలో పదకొండో పన్నెండో డబ్బా తాతది. నన్ను గుర్తుపట్టి, ఇదేంటి ఇక్కడున్నావన్నట్టు చూశాడు.

మా ఆయన మొదటి డబ్బా ముట్టుకోలేదు. తిన్నగా ఆ తాత దగ్గరికి వెళ్లి మూత ఎత్తారు. తాత చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆయన తల వంచారు, అలాగే ఉండిపోయారు. తర్వాత నిటారుగా నిలబడి, ఒక అడుగు పక్కకి జరిగారు.

"ఇటు రా. నువ్వు చూడు."

నేను వంగి పీల్చాను.

"బాగున్నాయి," అన్నాను. గట్టిగా మళ్లీ చెప్పాను.

"లోపలికి," అన్నారు ఆయన, ఎప్పటి గొంతుతోనే. పక్క డబ్బా మూత ఎత్తి నాకోసం ఆగారు.

అలా నాలుగైదు డబ్బాలు అయ్యేసరికి ఎవరో చెప్పినట్టున్నారు, సూపర్‌వైజరు బయటికొచ్చాడు. "ఏంటయ్యా ఇది?"

"నాకు వాసన రావట్లేదండీ. జ్వరంలో పోయింది. నెల దాటింది." అందరికీ వినపడేలాగే చెప్పారు. తాతవైపు తిరిగి, "మీ పాలు బాగానే ఉన్నాయి. ఆ మూడుసార్లు కూడా బాగానే ఉన్నాయి. తప్పు నాది," అన్నారు.

తాత తల ఊపి, డబ్బా మూత తనే బిగించుకున్నాడు. అంతసేపూ ఎవరూ నవ్వలేదు. నవ్వుతారనే నేను పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను.

సూపర్‌వైజరు అరవలేదు. ముందే చెప్పాల్సిందని మాత్రం రెండుసార్లు అన్నాడు. ఆయన్ని డబ్బాలు కడిగే షెడ్డుకి మార్చాడు. మరి ఇవాళ్టి వరస ఎవరు చూస్తారని అటూ ఇటూ చూసి, "కొత్త మనిషి దొరికేదాకా నువ్వు రామ్మా," అన్నాడు నాతో. ఆ కొత్త మనిషి ఇరవై రెండేళ్లయినా దొరకలేదు.

మొదటి రోజుల్లో అత్తయ్యకి ఇది మింగుడుపడలేదు. "కోడలు కుర్చీలో, కొడుకు బురదలో. ఇది చూడ్డానికే బతికున్నాను" అని వచ్చేపోయేవాళ్లకి చెప్పుకునేది.

"అక్కడ కుర్చీ లేదమ్మా, నిలబడే చూడాలి," అనేవారు ఆయన.

వెనక్కి పంపిన డబ్బాల అంకెలు పుస్తకంలో రాయాలి. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. ఆయన షెడ్డులోంచి తడి చేతులు పంచెకి తుడుచుకుంటూ వచ్చి, నేను చూపించిన డబ్బాల అంకెలు రాసి వెళ్లేవారు. వీధిలో కొన్నాళ్లు ఆయన్ని ఏమని పిలవాలో ఎవరికీ తోచలేదు. "ఇదుగో" అనేవారు, "ఏమండీ" అనేవారు. అలా నడుస్తుండగా ఒకరోజు ఆ తాత ఖాళీ డబ్బా పట్టుకుని షెడ్డు దగ్గరికి వెళ్లి, "ముక్కుగారూ, నా డబ్బా కాస్త గట్టిగా కడగండి, మీ ఆవిడ మహా గట్టిది" అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారని వాళ్లు చెప్పారు. నేను చూడలేదు, అరుగు మీద ఉన్నాను.

చలి తగ్గుముఖం పట్టాక వచ్చిన సెలవు రోజు నాకు బాగా గుర్తు. ఆ రోజు క్యారెట్లు ఆయనే తరిగారు, ఒకటి లావుగా ఒకటి సన్నంగా. ఉడికేదాకా పొయ్యి దగ్గర నుంచి నేను కదల్లేదు. మధ్యాహ్నం నలుగురం కూర్చున్నాం. వడ్డించాను, రొట్టెలు మధ్యలో పెట్టాను. ఆయన పళ్లెం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"చల్లారిపోతుంది, తినండి."

"చెప్పు," అన్నారు.

"ఏం చెప్పాలి?"

"ఎలా ఉందో. వాసన."

"బాగుంది."

"అది డబ్బాలకి చెప్పే మాట. కూరకి చెప్పు."

అత్తయ్య తినడం ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చిన్నది మోకాళ్ల మీద లేచి కూర్చుంది. నాకు సిగ్గేసింది. వాసనకి మాటలు ఉంటాయని నేనెప్పుడూ అనుకోలేదు. పళ్లెం మీదికి వంగి, ఆవిరి లోపలికి తీసుకున్నాను.

"ముందు మిరియం తగులుతోంది," అన్నాను. "గట్టిగా కాదు, ఎవరో తలుపు తట్టినట్టు. అది పోగానే క్యారెట్ తీపి. ఉల్లిపాయ విడిగా లేదు, అన్నిట్లో కలిసిపోయింది. క్యాబేజీ మాత్రం నేనున్నానంటోంది, పిలవకుండా వచ్చిన చుట్టంలా."

చిన్నది కిసుక్కున నవ్వింది. ఆయన కళ్లు మూసుకున్నారు.

"దుంపలు?"

"మెదిగాయి. వాన పడ్డాక మట్టి మీద ఎండ వస్తుందే, అలా."

"మాంసం?"

మాంసం అన్నిటికీ అడుగున ఉంది. దానికి సరిపోయే పోలిక ఒకటి తోచింది గానీ, అత్తయ్య ముందు అనే మాట కాదు.

"అది తర్వాత చెప్తాను," అన్నాను.

ఆయన సరేనన్నట్టు తల ఊపి, రొట్టె తుంచి రసంలో ముంచారు.